నూనెలో చూడని మొహం

మా ఇంట్లో బోరు వేయించాలంటే కొబ్బరికాయలు తెస్తారు, నిమ్మకాయలు తెస్తారు, ఎల్లస్వామిని పిలిచి నీళ్లు పడే పాయింట్ చూడమంటారు, నన్ను మా మేనత్త ఊరు మంచాలకు పోయే బస్సు ఎక్కిస్తారు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా నీళ్లు పడవని మా నాయనమ్మ మాణిక్యమ్మ నమ్మకం. అన్నీ జరిపించినా ఇప్పటిదాకా మా చేన్లో చుక్క నీళ్లు పడలేదు. అందుకు కారణం కూడా ఆమే కనిపెట్టింది. బస్సు మలుపు తిరిగేటప్పుడు నేను వెనక్కి చూసి ఉంటానట.

నిజంగానే ఒకసారి చూశాను. కిటికీ పక్క సీటు దొరికితే ఎవరైనా చూస్తారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నా చూపు బోరు లారీ కంటే ముందు భూమిలోకి దిగి, ఉన్న నీళ్లన్నీ తాగేసి పైకి వచ్చిందని తెలిశాక, కొన్నాళ్లు నేల వైపు చూడకుండా నడిచాను. రాళ్లకు తట్టుకుని పడ్డాను. ఆడపిల్ల తల దించుకుని నడవకపోతే ఇట్లనే అయితదని నాయనమ్మ మోకాళ్లకు పసుపు పెట్టింది.

నేను మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టాను. అలా పుట్టిన పిల్ల తండ్రికి మంచిది కాదంటారు. దానికి విరుగుడు కూడా చెప్పారు. అదే నక్షత్రం మళ్లీ వచ్చేదాకా తండ్రి పిల్ల మొహం చూడకూడదు. ఆ రోజు శాంతి చేయించి, కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో కనిపించే పిల్ల నీడను తండ్రి ముందు చూడాలి. తర్వాత నేరుగా చూడవచ్చు, ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. దోషం అక్కడితో సరి. ఈ రెండో సగం నాకు మొన్న ఎండాకాలం దాకా ఎవరూ చెప్పలేదు. మొదటి సగం మాత్రం పాలతో పాటు పట్టించారు.

మా బాపు పరమేష్ నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆయన మంచితనం గురించి ముందే చెప్పాలి. కొట్టాలంటే మనిషిని చూడాలి కదా. బాపు నా వైపు చూడడు. నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నా, "దానికి కాలేజీ ఫీజు కట్టిన అని చెప్పు" అని అమ్మతో అంటాడు. అమ్మ నా వైపు తిరిగి, "బాపు ఫీజు కట్టిండంట" అంటుంది. ఢిల్లీ నుంచి వార్త వచ్చినట్టు నేను తలూపుతాను.

బాపు ఏదైనా ముఖ్యమైన పని మీద బయలుదేరితే నేను ఎదురు రాకూడదు. మార్కెట్‌కు పోయినా, బ్యాంకుకు పోయినా, తహసీల్దారు ఆఫీసుకు పోయినా అంతే. మొదట్లో నాయనమ్మ "తలుపెనకకు పో" అని అరిచేదట. నాకు అది గుర్తు లేదు. నాకు గుర్తు ఉన్నప్పటి నుంచి ఎవరూ చెప్పనవసరం రాలేదు. బాపు బండికి కిక్కు కొట్టిన చప్పుడు వినపడగానే వెనక గది తలుపు వెనక ఉండేదాన్ని. ఎంత తెలివైన పిల్ల, చెప్పకుండానే తెలుసుకుంటుందని చుట్టాలంతా మెచ్చుకునేవాళ్లు. బడిలో నాకు ఎప్పుడూ బహుమతి రాలేదు. ఇంట్లో ఈ పోటీలో మాత్రం ప్రతిసారీ నేనే ఫస్ట్.

ఇన్నేళ్లలో నేను సాధించినవి తక్కువేం కాదు. చూడి బర్రె నెలలు నిండకుండానే ఈచుకుపోవడం, సాగర్ రోడ్డు మీద బాపు బండి జారి కాలు విరగడం, వానలు ఆలస్యం కావడం, నాయనమ్మ కింది పన్ను ఊడడం నా ఖాతాలోనే ఉన్నాయి. ఆమెకు డెబ్బై దాటాయి కాబట్టి పన్ను దానంతట అదే ఊడి ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అసలు సంగతి అదే. వాళ్లు అనడం కాదు, నేను నమ్మడం. కాలు విరిగిన బాపు మంచం మీద మూలుగుతుంటే నేను తలుపు వెనక చెంపలు వాయించుకుని, ఎటైనా పోతాను, నన్ను తీసుకుపో, బాపు కాలు బాగు చెయ్యమని దేవుణ్ని అడిగాను. దేవుడు నన్ను మంచాల దాకా తీసుకుపోయాడు. మా మేనత్త ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. కాలు బాగైంది. నేను లేనందుకే బాగైందని అందరం ఒప్పుకున్నాం.

మా ఊళ్లో పదో తరగతి అయ్యాక ఇబ్రహీంపట్నంలో ఇంటర్‌కు చేరాను. అక్కడ నా పక్క సీటు షహీన్‌ది. దానికి నోటి మీద తలుపు లేదు. నాకు ఉన్నదల్లా తలుపే. అందుకే కుదిరింది.

మా తెలుగు సార్ బండి బాపు బండి లాంటిదే, పాతది. సాయంత్రం సార్ కిక్కు కొడితే నేను ఎక్కడున్నా దగ్గర్లో ఉన్న తలుపు వెనకకు పోయేదాన్ని. తలుపు లేకపోతే స్తంభం, స్తంభం లేకపోతే షహీన్. ఇబ్రహీంపట్నం బస్టాండులో ఎంత మంది బండ్లకు కిక్కులు కొడతారో తెలిస్తే నా కష్టం అర్థమవుతుంది. నాకు అది కష్టమని కూడా తెలియదు. అందరూ ఇట్లనే ఉంటారు, నేను కొంచెం చురుకు అనుకునేదాన్ని. షహీన్ మాత్రం నవ్వకుండా చాలా రోజులు చూసి, ఒకరోజు నా చెయ్యి పట్టుకుని దాని గుండె మీద పెట్టి, తర్వాత నా గుండె మీద పెట్టింది. దానిది మామూలుగా కొట్టుకుంటోంది. నాది పరుగెత్తుతోంది. "గిది చురుకుతనం కాదే పిచ్చిదానా, భయం" అంది.

చలికాలం చివర్లో మా కాలేజీకి మెహనాజ్ మేడమ్ వచ్చింది. పట్నంలో ఏదో దవాఖానలో పిల్లల మనసుకు సంబంధించిన డాక్టరమ్మ. అందరినీ హాల్లో కూర్చోబెట్టి, మనసులో ఏదైనా బాధ ఉన్నవాళ్లు చెయ్యెత్తమంది. రెండు వందల మంది ముందర చెయ్యెత్తి నా మనసు బాగాలేదని చెప్పేంత ధైర్యం ఉన్నవాళ్ల మనసుకు ఏం రోగం ఉంటుంది? ఎవరూ ఎత్తలేదు. మా కాలేజీ అంతా ఆరోగ్యంగా ఉందని ప్రిన్సిపాల్ సంతోషించాడు.

అంతా అయిపోయాక తెలుగు సార్ బండి తీశాడు. నేను హాలు తలుపు వెనక ఉన్నాను. అదే సమయానికి మేడమ్ మరిచిపోయిన నీళ్ల సీసా కోసం తిరిగి వచ్చి తలుపు లాగింది. అలా ఆమె ఉపన్యాసం మొత్తంలో దొరకని రోగి సీసా కోసం వస్తే దొరికింది.

నేను ఏమీ చెప్పలేదు. చెప్పడానికి షహీన్ ఉంది. నక్షత్రం నుంచి నాయనమ్మ పన్ను దాకా పూస గుచ్చినట్టు చెప్పేసింది. మేడమ్ అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఒక పెద్ద దెబ్బ తగిలితే రక్తం వస్తుంది, నలుగురూ చూస్తారు, కట్టు కడతారు అంది. రోజూ కొంచెం కొంచెం తగిలింది ఎవరికీ కనపడదు, తగిలినవాళ్లకు కూడా. వాళ్లు దాన్నే తమ స్వభావం అనుకుంటారు అంది. నాకు కోపం వచ్చింది. పదేళ్లుగా కష్టపడి సిగ్గరి పిల్ల అని పేరు తెచ్చుకుంటే, అది నాది కాదంటుందేమిటి?

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. "ఇప్పుడు నువ్వు గీ తలుపెనక్కి పోయినవనుకో. అక్కడ ఐదేండ్ల పిల్ల ముందే నిలబడి ఉన్నది. ఆ పిల్లకు ఏం చెప్తవ్?"

"జర జరగమంట మేడమ్. నాక్కూడ జాగ కావాలె కదా."

షహీన్ పకపకా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. తన ఫోన్ నంబరు ఇచ్చి, ఎప్పుడైనా సరే చెయ్యమంది. ఆ నంబరు కంపాస్ బాక్సులో పెట్టాను. అందులో ముల్లు విరిగిన వృత్తలేఖిని కూడా ఉంది. రెండూ ఒకేలా పనికొస్తాయనుకున్నాను.

ఏప్రిల్‌లో మా బాబాయ్ ధర్మేందర్‌కు ఆడపిల్ల పుట్టింది. బాబాయ్ ఇంజనీరింగ్ చదివాడు. తుర్కయాంజాల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, కంపెనీలో ఉద్యోగం. చదువుకున్నవాడు కాబట్టి పంచాంగం చూడడు, ఫోన్‌లో యాప్ చూస్తాడు. ఆపరేషన్ గది బయటే నిలబడి పుట్టిన సమయం కొట్టి చూసుకున్నాడు. పాప ఎంత బరువుందో తెలియకముందే మూల, మొదటి పాదం అని తెలిసిపోయింది. నర్సు పాపను బయటకు తెచ్చేసరికి తండ్రి మెట్లు దిగి కింద టీ కొట్టు దగ్గర ఉన్నాడు.

అక్కడి నుంచి మా ఇంట్లో పెద్ద చర్చ మొదలైంది. తండ్రి నేరుగా చూడకూడదు సరే, ఫోటో చూడవచ్చా? వీడియో కాల్ సంగతేమిటి? పంతులు గారు చాలాసేపు ఆలోచించి, ఫోటో కదలదు కాబట్టి ఫరవాలేదు, వీడియోలో కదులుతుంది కాబట్టి అది చూసినట్టే అని తేల్చారు. బాబాయ్ ఫోటోలు చూస్తూ గుండె బొమ్మలు పంపేవాడు.

చిన్నమ్మ వాళ్ల అమ్మకు మోకాలి ఆపరేషన్ అయినందువల్ల తల్లిగారింటికి పోయే వీలు లేదు. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో పాపను తండ్రి కంట పడకుండా దాచడం కుదరదు. అందుకని ఇద్దరినీ మా ఇంటికి తెచ్చి వెనక గదిలో ఉంచారు. పాపను చూసుకునే పని నాకు ఇచ్చారు. దీనికి కొత్తగా తగిలే దోషమేముంది అని నాయనమ్మ అంది. అనుభవాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వడమంటే ఇదే.

పాపకు జుట్టు చాలా ఉంది. నిద్రలో ఎవరి మీదనో కోపం వచ్చినట్టు మొహం పెడుతుంది. నా వేలు పట్టుకుంటే వదలదు. ఎదుటి మనిషి నక్షత్రం అడగకుండా చెయ్యి పట్టుకున్న మొదటి మనిషి మా ఇంట్లో అదే.

ఒక ఆదివారం బాబాయ్ కారులో వచ్చాడు. చిన్నమ్మకు పండ్లు ఇచ్చి పోదామని గేటు బయట నిలబడి హారన్ కొట్టాడు. చిన్నమ్మ స్నానం చేస్తోంది. నేను పాపను ఎత్తుకుని ఉన్నాను. హారన్ వినపడిన మరుక్షణం ఎక్కడున్నానో చెప్పనవసరం లేదు. తలుపు వెనక. చీకటి, పాత చెక్క వాసన, గోడకు ఆనిన వీపు. పాప ఏడవబోతే నోటి మీద మెల్లగా చెయ్యి పెట్టి, "చప్పుడు చెయ్యకు, బాపు పోతున్నడు" అన్నాను. పాప నిజంగానే ఊరుకుంది. ఎంత తెలివైన పిల్ల, చెప్పగానే తెలుసుకుంది అనుకున్నాను.

అనుకున్నాక, ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది.

తలుపు వెనక ఇద్దరికీ జాగ సరిపోయింది. సరిపోవడమే నాకు నచ్చలేదు.

ఆ మధ్యాహ్నం పెరట్లోకి పోయి మెహనాజ్ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఫోన్‌లో మాట్లాడడం నాకు చేతకాదు. హలో అని రెండుసార్లు అన్నాను. చివరికి జరిగింది చెప్పాను. అంత చదువు చదివిన మనిషి, ఏదో ఒక మందు చెబుతుందనుకున్నాను. "అప్పుడు నీకెన్నేండ్లు?" అని ఆమె అడిగింది, నాకు మొదట ఎప్పటి సంగతో అర్థం కాలేదు. నన్ను మొదటిసారి తలుపు వెనకకు పంపిన నాటి సంగతని తర్వాత అర్థమై ఏడుపొచ్చింది. పాప ఏ తప్పూ చేయలేదని నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేను కూడా అంత చిన్నదాన్నే. ఇంత చిన్న లెక్కకు ఇన్నేళ్లు పట్టింది. నాకు గణితంలో మార్కులు ఎందుకు రావో అందుకే తెలుస్తోంది.

ఇంటిల్లిపాదికీ ఎదురు చెప్పాల్సి వస్తే భయమవుతుందని అన్నాను. "కానియ్యి, బిడ్డా. భయం పోయినంక చేస్తనంటే ఎన్నటికీ చెయ్యవ్" అంది. ఇంత మాత్రం చెప్పడానికి డాక్టర్ చదవాలా అని విసుక్కుంటూ ఫోన్ పెట్టేశాను. ఆ మాట మాత్రం పెట్టేయలేకపోయాను.

పాప నక్షత్రం తిరిగి వచ్చే రోజు దగ్గర పడింది. పంతులు గారికి చెప్పారు, బాబాయ్ సెలవు పెట్టాడు. అంతలో బాపు ఒక సాయంత్రం వచ్చి, బోరు లారీ దొరికిందని చెప్పాడు. ఎండాకాలంలో బోరు లారీ దొరకడమంటే మాటలు కాదు. అన్నదమ్ముల ఉమ్మడి చేను కాబట్టి ఇద్దరూ ఉండాలి. లారీ వచ్చేది సరిగ్గా ఆ రోజే. నూనె కార్యం వచ్చే నెల అదే నక్షత్రానికి పెట్టుకుందామని బాపు, బాబాయ్, నాయనమ్మ నిమిషంలో తేల్చేశారు. ఆ రోజు పొద్దున నేను, పాప, చిన్నమ్మ మంచాల బస్సు ఎక్కాలి. ఈసారి ఇంట్లో మూల నక్షత్రాలు రెండు కాబట్టి జాగ్రత్త కూడా రెండింతలు.

అమ్మ వంటింట్లో మామిడికాయ తొక్కు కోసం వెల్లుల్లి వలుస్తోంది. వాళ్ల మాటలు విని వలవడం ఆపేసింది. "నీకు కూడ గిట్లనే జేసిండ్రు" అంది, వెల్లుల్లితో చెప్పినట్టు.

అప్పుడు తెలిసింది మిగిలిన సగం. నా కార్యానికి కూడా పంతులు గారు వచ్చి కూర్చున్నారట. కంచు గిన్నెలో నూనె పోశారట. నాకు కాటుక పెట్టి అమ్మ ఒళ్లో పడుకోబెట్టిందట. అంతలో బోరు లారీ వచ్చిందని కబురొస్తే బాపు పీటల మీద నుంచి లేచి పోయాడట. వచ్చే నెల చేద్దామన్నారు. వచ్చే నెల మంచి రోజు లేదన్నారు. తర్వాత వానలు పడ్డాయి, దున్నాలన్నారు. ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. కార్యాన్ని మరిచిపోయారు గానీ దోషాన్ని మరిచిపోలేదు.

ఆ గిన్నెలో నూనె ఏం చేశారని అడిగాను. పారబోయడం ఎందుకని నాయనమ్మ తొక్కులో కలిపిందట. అంటే ఆ ఏడాది నా దోషాన్ని ఇంటిల్లిపాదీ వేడి అన్నంలో కలుపుకుని తిన్నారన్నమాట. బాగుందని పక్కింటికి కూడా పంపి ఉంటారు.

నువ్వెందుకు మళ్లీ అడగలేదని అమ్మను అడగాలనుకున్నాను. వలిచిన వెల్లుల్లినే మళ్లీ వలుస్తున్న అమ్మ చేతులు చూసి అడగలేదు. ఆమె కూడా ఏదో ఒక తలుపు వెనక ఉందని, అది నాకు కనపడలేదని ఆ రోజు అనిపించింది.

లారీ వచ్చే రోజు పొద్దున్నే నాయనమ్మ సంచి సర్దేసింది. పాప గుడ్డలు, నా తువ్వాలు, మేనత్తకు ఒక సీసా తొక్కు. చిన్నమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వెనక దర్వాజ నుంచి పొమ్మని, చేను దిక్కు చూడవద్దని నాయనమ్మ నాకు మరీ మరీ చెప్పింది. ముందు వాకిట్లో బాబాయ్, బాపు బయలుదేరుతున్నారు. నేను పాపను ఎత్తుకున్నాను.

బాపు బండికి కిక్కు కొట్టాడు.

నా కాళ్లు నన్ను అడగకుండానే తలుపు వెనకకు తీసుకుపోయాయి. వాటికి మెహనాజ్ మేడమ్ ఎవరో తెలియదు. పాప కళ్లు తెరిచి నా వైపు చూసింది. ఏం చెయ్యాలో నేనే చెప్పాలన్నట్టు చూసింది. నోరు మూసుకోమని చెప్పవచ్చు. ఒకసారి చెబితే చాలు, మళ్లీ చెప్పనవసరం రాదు. నాకు ఆ పని ఎట్లా జరుగుతుందో బాగా తెలుసు.

బయటకు వచ్చాను. వెనక గది, నడిమి గది, వంటింటి పక్క సందు, ముందు గడప. భయంతోనే నడిచాను. వాకిట్లోకి దిగి బాపు బండికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను.

ఇంజనీరింగ్ చదివిన మా బాబాయ్ రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. బాపు అలవాటు ప్రకారం తల పక్కకు తిప్పి ప్రహరీ గోడను చూడసాగాడు. ఇద్దరు మగవాళ్లను ఒకేసారి అంత భయపెట్టిన మనిషి మా ఊళ్లో ఇంకెవరూ ఉండరు.

"నేను మంచాలకు పోను" అన్నాను. "గీమెను కూడ తోల్కపోను. ఇయ్యాల కాకుంటే ఇగ ఎన్నటికీ కాదు బాబాయ్. నాకు కాలేదు."

నాయనమ్మ గడపలోకి వచ్చి తిట్లు అందుకుంది. శకునం పాడు చేశానంది, లారీ తిరిగి పోతుందంది, ఇంట్లో నాకు పెట్టిన పేర్లన్నీ మళ్లీ చదివింది. ఎప్పుడూ విన్నవే కాబట్టి నాకు కొత్తగా తగలలేదు. అప్పుడు ఆమెను దాటుకుని అమ్మ వచ్చింది. ఒక చేతిలో కంచు గిన్నె, ఇంకో చేతిలో తొక్కు కోసం తెచ్చిన నూనె డబ్బా. గిన్నె అరుగు మీద పెట్టి నూనె పోసింది. ఒక్క చుక్క కూడా బయట పడలేదు.

"ధర్మేందర్, కండ్లు తెరువంగనే గిన్నెల సూడు. పంతులు అచ్చినంక మంత్రాలు సదువుతడు. లారీ జర ఆగుతది."

చిన్నమ్మ పరుగున వచ్చి నా చేతుల్లోంచి పాపను తీసుకుని గిన్నె మీదుగా పట్టుకుంది. బాబాయ్ వేళ్ల సందుల్లోంచి చూశాడు. తర్వాత చేతులు తీసేశాడు. నూనె ఊగుతుంటే పాప మొహం కూడా ఊగింది. ఫోటోలకు పెట్టిన గుండె బొమ్మల్లో ఒక్కటి కూడా ఆ సమయానికి అక్కరకు రాలేదు. తల ఎత్తి నేరుగా చూసి, రెండు చేతులూ చాచాడు. పాప ఆయన చొక్కా మీద పాలు కక్కింది. అదే మంత్రం అనుకోవాలి.

కార్యం అయిపోయిందని నేను లోపలికి పోబోయాను. అమ్మ గిన్నె తియ్యలేదు.

"ఆగు. ఇంకోటి మిగిలింది" అంది. నాతో కాదు, బాపుతో. బాపుతో ఆమె అంత గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. "ఆనాడు పీటల మీదికెళ్లి లేసిపోయినవ్. అచ్చి కూసో. లిఖితా, ఇట్ల రా, గిన్నె మీద వంగు."

బాపు బండి ఆపేశాడు. నేను గిన్నె దాకా పోయి చూశాను. నూనెలో నా ముక్కు, నా మొటిమ, చెవి కమ్మ కనిపించాయి. ఇన్నాళ్లూ నాకు రావలసినది ఇదే. కానీ వంగబుద్ధి కాలేదు.

"నాకు నూనె అద్దు. గింత పెద్దదాన్ని గా గిన్నెల ఏడ పడ్త?" అన్నాను. తర్వాత ఆయన వైపు తిరిగాను. "బాపు, ఇట్ల సూడు."

గోడ మీద నుంచి బాపు చూపు రావడానికి సమయం పట్టింది. బోరులో ఇరుక్కున్న కేసింగ్ పైపును పైకి లాగుతున్నట్టు మెల్లగా వచ్చింది. నా చెప్పుల దగ్గర ఆగింది, చేతుల దగ్గర ఆగింది, చివరికి మొహం మీదికి వచ్చింది. బాపు కళ్లు కొంచెం తేనె రంగులో ఉంటాయని అప్పుడే తెలిసింది. నావి కూడా అంతే. ఇన్నాళ్లూ ఎవరి పోలికో అనుకున్నాను.

చాలాసేపు చూసి ఆయన అడిగింది ఒక్కటే. "గదుమ మీద గా మచ్చ ఎప్పటిది?"

"నువ్వు గీ బండి కొనుక్కచ్చిన్నాటిది. నేను తలుపెనక ఉన్న. ఎవరో తలుపు దొబ్బిండ్రు. గొళ్లెం తాకింది."

బండి కొన్ననాడు ఇంటికి చాలా మంది వచ్చారు. లడ్డూలు పంచారు. పెదవి కింద, నా గదుమకు కుట్లు వేయించింది అమ్మ ఒక్కతే. కొత్త బండి రోజున రక్తం మాట ఎత్తవద్దని నాయనమ్మ అన్నందుకు బాపుకు ఎవరూ చెప్పలేదు. బాపు బండి హ్యాండిల్ వైపు చూశాడు, మళ్లీ నా గదుమ వైపు చూశాడు. చేను దగ్గర లారీ హారన్ కొట్టింది. "పోదాం పా" అని ఎవరితోనో అన్నాడు. బాబాయ్ పాపను వదలలేదు కాబట్టి, ఆ మాట నాతోనే అయి ఉంటుందని నేను బండి వెనక ఎక్కాను. దింపెయ్యలేదు.

బోరు వేయడం దగ్గరుండి చూడడం నాకదే మొదటిసారి. చాలా చప్పుడు, చాలా దుమ్ము. మధ్యాహ్నం దాకా తెల్లటి పొడి ఎగసిపడింది. సాయంత్రం దాకా కూడా అదే ఎగసిపడింది. తడి అన్నది లేదు. లారీ వాళ్లు రాడ్లు పైకి తీస్తుంటే, ఆటోలో వచ్చి గట్టు మీద కూర్చున్న నాయనమ్మ మెల్లగా మెడ తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. దాని వెనక వచ్చే మాటలు కూడా తెలుసు. మంచాలలో ఉంటే కనీసం రేపటిదాకా వినపడేవి కాదు. నేను దాక్కోవడానికి చుట్టూ చూశాను. చేనుకు తలుపులు ఉండవు.

నాయనమ్మ నోరు తెరిచేలోపు బాపు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుకున్నాడు.

"భూమిల నీళ్లు లెవ్వు, అవ్వా. గంతే. పోరిని సూడకు."

ఎల్లస్వామి తల గోక్కుంటూ, రాయి దెబ్బ తీసిందని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అందరూ అతని వైపు తిరిగారు. మా ఇంటి చరిత్రలో బోరు పోయిన నింద పాయింట్ చూసిన మనిషికి తగలడం అదే మొదలు. పాపం, అతనికి అలవాటు లేదు.

దీంతో నాకు అంతా నయమైపోయిందని చెబితే షహీన్ నవ్వుతుంది. శనివారాలు నేనూ అదీ మెహనాజ్ మేడమ్ దగ్గరికి పోతున్నాం. ఆమె ఇప్పటికీ మందు ఇవ్వడం లేదు, ప్రశ్నలే ఇస్తోంది. బస్టాండులో కిక్కు చప్పుడుకు గుండె ఇంకా పరుగెడుతుంది. కాకపోతే ఇప్పుడు అది పరుగెడుతోందని నాకు తెలుసు, నేను దాని వెంట పరుగెత్తడం కొంచెం తగ్గింది. పాప తుర్కయాంజాల్ పోయింది. బాబాయ్ రోజుకు నాలుగు వీడియోలు పంపుతున్నాడు. కదులుతున్నది కాబట్టి అది చూసినట్టే.

బోరు పోయిన మర్నాడు పొద్దున బాపు బ్యాంకుకు పోవాలి. బయటి నుంచి కిక్కు చప్పుడు వినిపించింది. నేను తలుపు వెనక ఉన్నాను. నిన్న అంత చేసిన మనిషిని, ఇవాళ మళ్లీ ఇక్కడే. నా మీద నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

బండి పోలేదు. ఇంజను నడుస్తూనే ఉంది, చప్పుడు మాత్రం దూరం కావడం లేదు. నాయనమ్మ ఇంకా పోలేదేమని అడిగింది. నేను తలుపు సందులోంచి చూశాను. ఆయన ఒక కాలు నేల మీద ఆనించి, వెనక గది వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పిలవడం లేదు. పిలవడం ఆయనకు చేతకాదు, పేరు పెట్టి నన్ను ఎప్పుడు పిలిచాడని? ఊరికే చూస్తున్నాడు.

నేను ఎదురు వచ్చేదాకా పోడని అర్థమైంది.

జడ వేసుకున్నాను. మొహం కడుక్కున్నాను. పెట్రోలు ఆయనదే కదా అని కొంచెం ఆలస్యంగానే బయటకు వచ్చాను.